పిట్ట ఒకటి, స్థితి యథాతథం

పిన్నింటి సన్యాసిరావు గారికి దేవుడి మీద నమ్మకం లేకపోలేదు. అయితే ఆ దేవుడి దగ్గర కూడా ఏదో ఒక కాగితం ఉంటే మంచిదని ఆయన అభిప్రాయం.

ఆయన సూరివలస మునిసిపాలిటీలో జనన మరణాల విభాగానికి సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎదురుగా నిలబడి దండం పెట్టిన మనిషిని ఎగాదిగా చూసి, "నువ్వు పుట్టినట్టు కాగితం ఏదయ్యా?" అని అడిగేవారు. కోపంతో కాదు, జాలితోనే అడిగేవారు. కాగితం లేని మనిషి గాలికి పోతాడని ఆయన నిజంగానే బెంగపడేవారు. ఇంట్లో గ్యాసు బండకి, కుక్కర్‌కి, గోడ గడియారానికి బిల్లులు విడివిడి కవర్లలో ఉండేవి. పెళ్ళి శుభలేఖని కూడా లామినేషన్ చేయించి దాచారు. ఎవరైనా అడిగితే?

రిటైరయ్యాక ఒక కెమెరా కొన్నారు. దానికి రోకలిబండంత లెన్సు. తేమ తగలకూడదని ఆ లెన్సుని బియ్యం డబ్బాలో పాతిపెట్టేవారు. పిట్టల ఫోటోలు తియ్యాలన్నది చిన్నప్పటి కోరిక. పిచ్చుకలు, గోరువంకలు, కరెంటు తీగల మీది పాలపిట్టలు వరసగా అయిపోయాయి. వాటితో ఆయన జీవితం హాయిగా వెళ్ళిపోయేదే, ఆశ్వయుజ మాసంలో ఒక ముసురు ఉదయాన పెరట్లో ఆ పిట్ట రాలి పడకుండా ఉంటే.

ఆయన భార్య పైడమ్మ గారు బండ దగ్గర బట్టలు ఉతుకుతున్నారు. ధన్‌మని చప్పుడైంది. చూస్తే సబ్బునీళ్ళ పక్కన, రంగులపెట్టె తిరగబడినట్టు ఒక పిట్ట సొమ్మసిల్లి కూర్చుంది.

"ఏటండోయ్! బేగి రండి! రంగుల పిట్ట!"

ఆయన పరుగెత్తారు, పెరట్లోకి కాదు, గదిలోకి. బ్యాటరీ ఛార్జింగులో ఉంది. లెన్సు బియ్యంలో ఉంది. బియ్యంలో చెయ్యి పెట్టి, లెన్సు లాగి, దులిపి, బిగించి, పెరట్లోకి వచ్చి, కన్ను ఆనించి చూస్తే అంతా చీకటి. మూత తియ్యలేదు. మూత తీసేసరికి అక్కడ పైడమ్మ గారూ, ఆవిడ నీళ్ళు పోసి పెట్టిన కొబ్బరి చిప్పా మిగిలాయి.

"వెళిపోయిందండి," అన్నారావిడ, ఇంకా ఆకాశం వైపే చూస్తూ. "పొట్టంతా గంధం రంగు. తోక కింద కుంకుం. ఈపున ఆకుపచ్చ, బుజం మీద నీలం తళుక్కుమందండి. కళ్ళకి కాటిక కూడా ఎట్టుకుంది. మొత్తం తొమ్మిది రంగులు. మీరు సూసుంటే!"

ఆయన చూడలేదు. అది ఆయన గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. పుస్తకాలు తిరగేస్తే అది పొన్నంకి పిట్ట అనీ, వానాకాలం ఉత్తరాది అడవుల్లో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి దక్షిణాదికీ, సముద్రం దాటి లంకకీ పోతుందనీ, దారిలో అలిసిపోతే ఇలాగే పెరళ్ళలో పడుతుందనీ తెలిసింది. మన కొండల్లో వెతికారు. ఆకుల ఫోటోలు మాత్రం బోలెడు వచ్చాయి. లంకలో అయితే తోటల్లో కోడిపిల్లలా తిరుగుతుందని ఎవరో చెప్పారు. ఎప్పుడు అన్నం పెట్టినా పైడమ్మ గారు "ఆ పిట్ట ఉన్నంతసేపూ మీకు బ్యాటరీ లేదు" అని ఒక ముద్ద ఎక్కువే వడ్డించేవారు. దాంతో ఆయన ఒక రోజు లేచి, "లంకకెళ్ళి దాని ఫోటో తెచ్చి నీ చేతిలో పెడతాను పైడీ, నాను మాటిస్తన్నాను" అన్నారు. ఆవిడకి బస్సెక్కితేనే వాంతులు, కాబట్టి ఆయన ఒక్కరే బయల్దేరారు.

ఆ విమానాశ్రయం పేరు చెప్పను. చెప్తే, పేరు వాడుకోవడానికి అనుమతి కాగితం ఏదీ అంటారు. అక్కడి కస్టమ్స్ కౌంటర్లో ఇన్‌స్పెక్టర్ ఉపేంద్ర టీ తాగుతున్నాడు. సన్యాసిరావు గారు కెమెరాని పసిబిడ్డని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టారు.

"ఇది నా సొంత కెమెరా బాబూ. తీసుకెళ్తన్నట్టు కాగితం రాసియ్యండి. తిరిగొచ్చినప్పుడు, బయట కొన్నావేటి, సుంకం కట్టు అని మీరే అడుగుతారు."

"ఎవరూ అడగరండి బాబూ. మెళ్ళో ఏసుకుని వెళిపోండి. అందరూ అలాగే పోతన్నారు."

"అందరూ పోతే పోనీండి. రూలు ఉందా, లేదా?"

రూలు ఉంది. ఆ పత్రాల పుస్తకం కూడా ఉంది. ఎక్కడుందో వెతికితే, కుంటుతున్న బల్ల కాలి కింద ఎత్తుకి పెట్టి ఉంది. ఉపేంద్ర దాన్ని లాగేసరికి బల్ల ఒక పక్కకి ఒరిగింది. టీ ఒలికింది. ఆ రోజు నుంచి ఆ బల్ల మళ్ళీ సరిగ్గా నిలబడలేదు.

తయారీ, రంగు, నంబరు అన్నీ రాసి, 'స్థితి' అన్నచోట ఉపేంద్ర 'బాగుంది' అని రాశాడు. సన్యాసిరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. బాగుంది అనేది మీ అభిప్రాయం, స్థితి కాదు అన్నారు.

"మరేటి రాయమంటారండి?"

"నిన్ననే మెమరీ కార్డు శుభ్రంగా తుడిచీసాను. 'లోపల ఖాళీ' అని రాయండి. ఉన్నదున్నట్టు ఉండాలి."

ఉపేంద్ర అలాగే రాసి, ముద్ర గుద్ది, వదిలించుకున్నాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. కానీ ఆ సమయంలో ఆయనకి వెచ్చగా, హాయిగానే అనిపించింది.

లంకలో ఆయన ఒక తోటలో, జలగలకి కాళ్ళు అప్పజెప్పి రోజుల తరబడి కూర్చున్నారు. పిట్ట అరుపు వినిపించేది గానీ పిట్ట కనిపించేది కాదు. చివరికి ఒక సాయంత్రం రాలిన ఆకుల మీద అది గెంతుకుంటూ వచ్చి, ఆగి, కాటుక కళ్ళతో సూటిగా ఆయన్నే చూసింది. ఈసారి మూత తీసే ఉంది. మీట నొక్కారు. ఒక్కటంటే ఒక్క ఫోటో. తెరమీద చూసుకుంటే గంధం, కుంకుమ, ఆకుపచ్చ, నీలం, అన్నీ పైడమ్మ గారు చెప్పినట్టే ఉన్నాయి. ఆయనకి ఏడుపొచ్చింది. చుట్టుపక్కల తెలిసినవాళ్ళెవరూ లేరు గనక హాయిగా ఏడ్చారు.

ఈలోగా ఇక్కడి కస్టమ్స్‌లో పరిస్థితులు మారాయి. ప్రయాణికులు పాత ఫోను పట్టుకెళ్ళి అదే కవరులో కొత్త ఫోను తెచ్చుకుంటున్నారని పై ఆఫీసులో ఒక పెద్దాయనకి అనుమానం తట్టింది. పెద్దవాళ్ళకి అనుమానం తడితే చిన్నవాళ్ళకి ఉత్సవాలు. 'యథాతథ మాసోత్సవాలు' ప్రకటించారు. హాలు నిండా బ్యానర్లు కట్టారు: 'వెళ్ళిందే రావాలి, వెళ్ళినట్టే రావాలి!' సిబ్బంది రోజూ ఉదయం చెయ్యి చాచి ప్రమాణం చేశారు. బ్యాడ్జీలు పెట్టుకున్నారు. అంతా బాగుంది గానీ ఒక చిక్కు వచ్చింది. వెళ్ళినట్టే వచ్చిందో లేదో తేల్చాలంటే, వెళ్ళేటప్పుడు ఎలా ఉందో రాసిన కాగితం ఉండాలి. అలాంటి కాగితం దేశంలో ఎవరి దగ్గరా లేదు. మాసం గడిచిపోతోంది, ఒక్క కేసూ లేదు. సూపరింటెండెంటు పరంజ్యోతి గారికి అన్నం సయించడం లేదు.

సరిగ్గా అప్పుడు, టీవీలూ సీసాలూ మోసుకుంటూ జనమంతా 'చూపించాల్సిందేమీ లేదు' అనే పచ్చ బోర్డు కిందినుంచి తలొంచుకుని జారుకుంటుంటే, ఒకే ఒక్క మనిషి తలెత్తుకుని 'చూపించాల్సింది ఉంది' అనే ఎర్ర బోర్డు కిందికి నడిచి వచ్చారు.

"నా దగ్గర కాగితం ఉందండి," అన్నారు సన్యాసిరావు గారు.

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. పరంజ్యోతి గారు లేచి నిలబడి ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకున్నారు. ఆయన సన్నగా, పొడుగ్గా, గజెట్‌లో అచ్చయిన మనిషిలా ఉంటారు. మాట కూడా అచ్చులోనే వస్తుంది.

"సదరు కెమెరా రిక్త స్థితిలో దేశము విడిచినట్లు ఇందు స్పష్టముగా నమోదైనది. ఉపేంద్రా, ప్రస్తుత స్థితి?"

ఉపేంద్ర మీట నొక్కి చూశాడు. "లోపల పిట్ట ఉందండి."

"అనగా ఖాళీగా వెళ్ళిన వస్తువు నిండుగా తిరిగి వచ్చినది. మధ్యలో ఏమి సంభవించినది?"

"ఫోటో తీసానండి," అన్నారు సన్యాసిరావు గారు. కెమెరాతో మరేం చేస్తారో ఆయనకి తోచలేదు.

"ఎచ్చట?"

"లంకలో."

"కావున తయారీ స్థలము లంక. విదేశమున తయారై, పత్రములో లేని వస్తువు, పత్రములో ఉన్న వస్తువు యొక్క గర్భమున దాచబడి వచ్చినది."

"తయారీ ఏటండీ బాబూ! మీట నొక్కాను, అంతే!"

"కర్మాగారములలో కూడ మీటలే నొక్కుదురు."

బరువైనా లేని వస్తువు సరుకెలా అవుతుందని సన్యాసిరావు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బంగారం తూచే త్రాసు తెప్పించారు. పిట్ట ఉన్న కార్డునీ, ఖాళీ కార్డునీ పక్కపక్కన తూచారు. ముల్లు కదల్లేదు. సన్యాసిరావు గారి మొహం వికసించింది. పరంజ్యోతి గారి మొహం అంతకన్నా వికసించింది.

"చూచితిరా! బరువు లేకుండా దేశములోనికి ప్రవేశించు సరుకు! ఏనుగును తెచ్చినచో మా కుక్క కూడ పసిగట్టును. దీనిని ఎవరు పట్టవలెను?"

అయితే నిబంధనలు కఠినమైనా మేము మనుషులమేనని ఆయన ఒక దారి చూపించారు. ఆ ఫోటో చెరిపేస్తే కెమెరా మళ్ళీ ఖాళీ అవుతుంది. ఖాళీ అయితే వెళ్ళినట్టే వచ్చినట్టు. కేసు ఉండదు. ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఉపేంద్ర కెమెరాని ఆయన వైపు జరిపాడు. తెరమీద చెత్తబుట్ట బొమ్మ వెలుగుతోంది.

సన్యాసిరావు గారికి జలగలు గుర్తొచ్చాయి. కొబ్బరి చిప్ప గుర్తొచ్చింది. మాటిచ్చాను కదా, ఉత్త చేతుల్తో ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అనుకున్నారు. "చెరపనండి," అని బెంచీ మీద కూర్చుండిపోయారు.

తర్కానికి ఒకసారి కాళ్ళొస్తే అది కూర్చోదు. పాస్‌పోర్టు కూడా వెళ్ళినట్టు కాగితమే కదా, అందులో మనిషి స్థితి ఫోటోతో సహా ఉంది కదా అని పరంజ్యోతి గారికి ఆ మధ్యాహ్నమే తట్టింది. దాంతో పచ్చ బోర్డు కింద కూడా పట్టడం మొదలైంది. మీసంతో వెళ్ళి మీసం లేకుండా వచ్చిన ఒక వ్యాపారిని, అది పెరిగేదాకా ఉండమని సన్యాసిరావు గారి పక్కన కూర్చోబెట్టారు. తెల్లగా వెళ్ళి సముద్రపు ఎండకి నల్లబడి వచ్చిన ఒకాయన, ఆ నలుపు వాడకానికే గానీ అమ్మకానికి కాదని రాసిచ్చాడు. లంకలోని కాండీ ఊళ్ళో టీకొట్టు వాడి దగ్గర సింహళంలో నాలుగు ముక్కలు నేర్చుకున్న కుర్ర ఇంజనీరు, అవి దేశంలో ఎక్కడా మాట్లాడనని హామీ ఇచ్చి బయటపడ్డాడు. వెళ్ళేటప్పుడు అత్తగారితో మాటల్లేవనీ, యాత్రలో కలిసిపోయామనీ నోరు జారిన ఒకామెని మాత్రం, ఏ విభాగంలోకి వస్తుందో తెలియక, పై ఆఫీసుకి రాశారు.

మీసం వ్యాపారి సన్యాసిరావు గారి వైపు తిరిగి, "ఈ గొడవంతా ఎవడో కాగితం అడిగితే మొదలయ్యిందటండి. ఆడు దొరికితే తంతాను," అన్నాడు. సన్యాసిరావు గారు కాస్త దూరం జరిగి కూర్చున్నారు.

అలా కూర్చుని కూర్చుని, జనన మరణాల విభాగంలో అరిగిన బుర్ర గనక, ఆయనకొక మెరుపు మెరిసింది. లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు.

"అయ్యా, ఆ పిట్ట విదేశీది కాదండి. మనదే. మన అడవిలో పుట్టి, చలికాలానికి లంకెళ్ళి, మళ్ళీ మన దేశమే వస్తాది. పరదేశం పుస్తకాల్లో కూడా దీన్ని పిట్ట అనే రాస్తారండి, మన తెలుగు మాటే. మా పెరట్లో దిగి మా ఇంటి నీళ్ళు తాగింది, మా ఆవిడ కళ్ళారా చూసింది. మన సరుకు బొమ్మ మన ఊరొస్తే దిగుమతేటండి?"

పరంజ్యోతి గారు కళ్ళు మూసుకుని, తెరిచారు. "స్వదేశీ వస్తువు యొక్క పునరాగమనము! అట్లయిన సుంకము వర్తించదు!"

సన్యాసిరావు గారు దండం పెట్టబోయారు.

"అయితే," అన్నారు పరంజ్యోతి గారు, "సదరు పిట్ట దేశము విడుచునపుడు పత్రము తీసికొన్నదా?"

"పిట్టకి పత్రమేటండీ!"

"మీరే ఆ మాట అనవచ్చునా? మీ అంతటివారు?"

కాగితం ఏదీ అన్నది అచ్చంగా సన్యాసిరావు గారి మాటే. ఏళ్ళ తరబడి ఏటేటా, ఒక్క కాగితం లేకుండా, తొమ్మిది రంగులు ఒంటిమీద వేసుకుని సరిహద్దు దాటుతున్న పిట్ట మీద ఆ సాయంత్రమే కేసు కట్టారు. ముద్దాయి పరారీలో ఉంది. దాని ఫోటో సాక్ష్యం. సాక్ష్యాన్ని చెరపకూడదు, అది నేరం. కాబట్టి ఫోటోకి ఏ ప్రమాదమూ లేదు. సాక్ష్యాన్ని ఇంటికి పంపకూడదు, అదీ నేరమే. కాబట్టి కెమెరాని గుడ్డలో చుట్టి, లక్క వేసి, పట్టుబడిన బంగారం కడ్డీల పక్కన ఇనప్పెట్టెలో పెట్టారు.

పైడమ్మ గారు గుమ్మంలోనే చెయ్యి చాచారు. "ఏదండీ పిట్ట?"

"కేసులో ఉంది."

విషయమంతా విన్నాక ఆవిడ నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక, కాసేపు చీర చెంగు నోట్లో కుక్కుకున్నారు. "ఒలమ్మ ఒలమ్మ! కాగితం లేనోళ్ళందరూ ఇంటికెళిపోయారు. కాగితమున్న మా మారాజు ఇలాగొచ్చేడు. అడక్కపోతే పోయేది కదండీ?"

"ఎవరైనా అడిగితే?" అన్నారాయన. కానీ ఈసారి గొంతులో మునుపటి దమ్ము లేదు. ఆ రాత్రి ఆవిడ పిట్ట ఎలా ఉందో చెప్పమని అడిగి అడిగి చెప్పించుకున్నారు. "అయితే బుజం మీద నీలం ఉందన్నమాట. నాను సెప్పలేదూ?" అని మురిసిపోయారు. చూపించలేకపోయినందుకు ఆయన మనసు ఉడికిపోయింది.

కొన్నాళ్ళకి ఆవిడ పేరు మీదే సమన్లు వచ్చాయి. పిట్ట దేశం దాటి వెళ్ళిందని రుజువు కావాలంటే, అంతకుముందు దేశంలో ఉండగా దాన్ని చూసిన సాక్షి కావాలి. అలాంటి సాక్షి భూమ్మీద ఒక్కరే ఉన్నారని సన్యాసిరావు గారే తన నోటితో చెప్పి వచ్చారు కదా. పైడమ్మ గారు నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని బస్సెక్కారు. దారిపొడుగునా వాంతులు చేసుకున్నారు. "పిట్టని సూపిస్తారంట కదా, పోనీండి," అని ప్రతి వాంతికీ ఆయన్నే ఓదార్చారు.

విచారణ హాల్లోనే పెట్టారు. లక్క పగలగొట్టి, ప్రొజెక్టర్ తెచ్చి, అదే కుంటి బల్ల మీద పెట్టారు. దీపాలు ఆర్పారు. గోడంతా పరుచుకుని, మనిషెత్తున, పొన్నంకి పిట్ట ప్రత్యక్షమైంది. బల్ల అటూ ఇటూ ఊగుతుంటే పిట్ట కూడా గోడ మీద గెంతింది.

పైడమ్మ గారు లేచి నిలబడిపోయారు. నిమ్మకాయ చేతిలోంచి జారి దొర్లిపోయింది.

"సాక్షి! మీ పెరటిలో వాలిన పిట్ట ఇదియేనా?"

అవునంటే పిట్ట ముద్దాయి, ఫోటో జన్మలో బయటికి రాదు. కాదంటే విదేశీ సరుకు, చెరిపేస్తారు. ఆవిడకి ఇదంతా సన్యాసిరావు గారు బస్సులో రెండుసార్లు చెప్పారు. ఆవిడ అప్పుడు వాంతుల్లో ఉన్నారు.

"అదే బాబూ, అదే!" ఆవిడ గోడ వైపు వేలు చూపించారు. "ఆ కాటిక సూడండి, అలాగే ఉంది. ఆ కుంకుం అలాగే ఉంది. సముద్రం దాటెళ్ళినా బంగారు తల్లి ఈకంత మారలేదు!"

పరంజ్యోతి గారు కలం కింద పెట్టారు. "ఏమంటిరి? మారలేదా?"

"ఈకంత మారలేదు బాబూ."

"ఏ రంగూ హెచ్చలేదా? తగ్గలేదా?"

"తొమ్మిదీ ఉన్నాయి."

పరంజ్యోతి గారు నెమ్మదిగా లేచి గోడ వైపు నడిచారు. పిట్ట రంగులు ఆయన తెల్ల చొక్కా మీద పడ్డాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాసోత్సవాలు మొదలైన దగ్గర్నుంచీ మీసాలు మారినవాళ్ళనీ, ఒళ్ళు మారినవాళ్ళనీ, మనసులు మారినవాళ్ళనీ చూసి చూసి ఆయన విసిగిపోయి ఉన్నారు.

"వెళ్ళినదే వచ్చినది. వెళ్ళినట్లే వచ్చినది. ఈ ఉత్సవముల ఆశయమును ఇన్నాళ్ళకు ఒక్క ప్రాణి అక్షరాల నెరవేర్చినది. దీనిపై కేసా? దీనికి సన్మానము చేయవలెను!"

కేసు కొట్టేశారు. పిట్ట 'ఆదర్శ ప్రయాణికుడు'గా ఎంపికైంది. ఆ ఫోటోని పెద్దది చేయించి, అద్దం బిగించి, వచ్చేవాళ్ళందరికీ బుద్ధి వచ్చేలా ఎర్ర బోర్డు పైన తగిలించాలని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది. ఎర్ర బోర్డు దగ్గర ఫోటోలు తియ్యడం నిషేధం కాబట్టి ఆ బొమ్మకి ఎవరూ నకలు తీసుకోలేరు. ఇక కెమెరా ఖాళీగా వెళ్ళింది కాబట్టి ఖాళీగానే ఇంటికి వెళ్ళాలి. పరంజ్యోతి గారు స్వహస్తాలతో కార్డు తుడిచి, చప్పట్ల మధ్య కెమెరాని సన్యాసిరావు గారి మెళ్ళో వేశారు. ఆయన ఏదో అనబోయారు. చప్పట్లలో వినపడలేదు.

బయటి వసారాలో ఉపేంద్ర వెనకాలే వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, కెమెరాకి లక్క ఎయ్యకముందే నా ఫోన్లోకి ఒక కాపీ తీసుకున్నానండి. పిట్ట శానా బాగుంది, అందుకని. మీకు పంపించీమంటారా? ఎవరికీ సెప్పకండి."

పైడమ్మ గారి మొహం చేటంత అయింది. అప్పటికే సంచీలోంచి ఫోను తీసి, చెంగుతో తుడిచి ముందుకి చాచారు.

"ఆగు," అన్నారు సన్యాసిరావు గారు. "దానికి కాగితం ఉంటాదా?"

"పిట్ట ఫోటోకి కాగితమేటండి?"

"పై అధికారి అనుమతిచ్చినట్టు. కేసులో పెట్టిన బొమ్మ కదా. కాగితం లేకుండా మా ఫోన్లో ఎలా ఉంటాదయ్యా?"

"ఎవరడుగుతారండీ?" అన్నారు పైడమ్మ గారు. ఆవిడ చెయ్యి ఇంకా చాచే ఉంది.

"అడక్కపోవచ్చు పైడీ. కానీ అడిగితే?"

ఉపేంద్ర ఇద్దరి వైపూ చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. సన్యాసిరావు గారు గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళి, ఫోటో ఎలాగూ లేదు గనక, కనీసం తాను ఆ పిట్టని ఫోటో తీసినట్టు ఒక కాగితం ఇప్పించమని పరంజ్యోతి గారిని వేడుకున్నారు. పరంజ్యోతి గారు ఆయన్ని కౌగిలించుకున్నారు. ఈ ఉద్యోగంలో ఇన్నాళ్ళకి తనని అర్థం చేసుకున్న మనిషి దొరికాడని గద్గదంగా అన్నారు.

ఆయన కాగితం పట్టుకుని బయటికి వచ్చేసరికి పైడమ్మ గారు ఫోను సంచీలో పెట్టేసి, సంచీ మూతి ముడేసి కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో ఆవిడకి ఒక్క వాంతి కూడా కాలేదు. ఒక్క మాట కూడా రాలేదు. ఆయన మాత్రం కాగితం మడతపడకుండా ఊరిదాకా రెండు చేతుల్లో పట్టుకున్నారు.

ఆ కాగితం ఇప్పుడు సూరివలసలో వాళ్ళ ముందుగదిలో, గంధపు దండ వేసిన పటంలో ఉంది. వచ్చినవాళ్ళందర్నీ దాని ముందు నిలబెట్టి ఆయన పైకి చదివి వినిపిస్తారు. "పిట్ట, ఒకటి. రంగులు, తొమ్మిది. చూపు, సూటి. స్థితి, యథాతథం." వినేవాళ్ళు ఆహా అంటారు. ఫోటో ఏదీ అని అడిగినవాళ్ళని, కింద ముద్ర చూడమంటారు.

మళ్ళీ ఆశ్వయుజం వచ్చింది. ముసురు పట్టింది. ముందుగదిలో సన్యాసిరావు గారు, పక్కింట్లోకి కొత్తగా దిగిన తాసిల్దారు గారికి పటం చూపిస్తున్నారు. కెమెరా, ఫుల్ ఛార్జింగుతో, లెన్సు బిగించి, మూత తీసి, మేకుకి వేలాడుతోంది.

పెరట్లో ధన్‌మని చప్పుడైంది.

పైడమ్మ గారు ఉతుకుతున్న బట్ట వదిలేశారు. సబ్బునీళ్ళ పక్కన గంధం, కుంకుమ, ఆకుపచ్చ, నీలం అలుపుతో రొప్పుతున్నాయి. కాటుక కళ్ళు ఆవిడ వైపే చూస్తున్నాయి. ఆవిడ కొబ్బరి చిప్పలో నీళ్ళు పోసి, మెల్లిగా దాని ముందుకి జరిపి, గొంతుక్కూర్చున్నారు. పిట్ట ఒక గుక్క తాగి, తల ఎత్తి, మళ్ళీ ఒక గుక్క తాగింది.

"రంగులు, తొమ్మిది," అని లోపల్నుంచి వినిపిస్తోంది.

కేకెయ్యడానికి ఆవిడ నోరు తెరిచారు. ఒక్క క్షణం అలాగే ఉండి, మూసుకున్నారు. ఈసారి ఆవిడ ఎవర్నీ పిలవలేదు.